కసూరున్న వాడి సంగతేమిటి?

మా బస్తీల్లోకి పోలీసు జీపొచ్చి ఓ కుర్రాణ్ణి ఎక్కించుకుపోతే ఆ తల్లి నోట మొదట వచ్చే మాట ఒకటే. 'సాబ్, మేరా బచ్చా బేకసూర్ హై.' మా పిల్లాడు తప్పు చేయలేదు, వదిలెయ్యండి అని. ఆమె వెనకాల నిలబడ్డ మేమూ అదే అంటాం. ఇమామ్ సాబ్ అదే అంటాడు. కార్పొరేటర్ దగ్గరికి పోతే ఆయనా ఫోన్లో ఇన్‌స్పెక్టరుతో అదే అంటాడు. మేం వేసే కరపత్రంలో అదే, ధర్నాచౌక్‌లో మేం పట్టుకునే అట్టల మీదా అదే. బేకసూర్. మాసూమ్. నిర్దోషి. అమాయకుడు.

ఇన్నేళ్ళుగా ఈ ఒక్క మాటే అంటూ వచ్చి, దాని పక్కనే ఉన్న ఇంకో ప్రశ్న వేసుకోవడం మానేశాం. ఆ కుర్రాడికి కసూర్ ఉంటే? నిజంగానే గొలుసు తెంపి ఉంటే, బండి ఎత్తుకుపోయి ఉంటే, అంతకంటే ఘోరమే చేసి ఉంటే? అప్పుడు లాకప్పులో తలకిందులుగా వేలాడదీయొచ్చా? అప్పుడు కాల్చెయ్యొచ్చా? మేం 'బేకసూర్ హై' అన్న ప్రతిసారీ, కసూరున్న వాణ్ణి మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండని మేమే ఒప్పుకున్నట్టు అవుతోందా?

ఈ ప్రశ్న మావాళ్ళలో చాలామందికి నచ్చదు. లౌకికవాద మిత్రుల్లోనూ కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. ఐనా అడగక తప్పదు.

ముందు ఒక సంగతి చెప్పాలి. బేకసూర్ అనే మాట మాకెవరో పుస్తకంలో నేర్పింది కాదు, బతుకు నేర్పింది. 1985 నుంచి 1995 దాకా టాడా చట్టం ఉండేది. దాని కింద దేశమంతటా సుమారు 76 వేల మందిని పట్టుకున్నారు. నేరం రుజువైంది నూటికి ఇద్దరి మీద కూడా లేదు. ఆ చట్టం పోయింది, 2002లో పోటా వచ్చింది. పోటా 2004లో పోయింది, దాని కోరలు ఉపా చట్టంలో మొలిచాయి. జామీను దొరకడాన్ని దాదాపు అసాధ్యం చేసే నిబంధన 2008లో అందులో చేరింది. 2019 నుంచి సంస్థనే కాదు, ఒక మనిషినీ కోర్టు విచారణతో పని లేకుండా ఉగ్రవాది అని ప్రకటించొచ్చు.

ఇక హైదరాబాదు సంగతి. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ బాంబు పేలింది. పేలుడులో 9 మంది పోయారు. ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లో 5 గురు పోయారు. చచ్చింది మేము, పట్టుకుపోయిందీ మమ్మల్నే. అదే ఏడాది ఆగస్టు 25న లుంబిని పార్కులో, గోకుల్ చాట్‌లో పేలుళ్ళు జరిగాక వేట ఇంకా పెరిగింది. పదుల సంఖ్యలో కుర్రాళ్ళను ఎత్తుకుపోయి ఊరి బయట ఎక్కడెక్కడో ఉంచి కరెంటు షాకులిచ్చారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరపున న్యాయవాది రవిచందర్ జైలుకెళ్ళి వాళ్ళ ఒంటి మీది గాయాలు చూసి 2008లో నివేదిక ఇచ్చారు. కేసులు ఒకటొకటిగా కోర్టుల్లో వీగిపోయాయి. చివరికి ప్రభుత్వమే తప్పు ఒప్పుకున్నట్టుగా కొందరికి 3 లక్షలు, మరికొందరికి 20 వేలు పరిహారం ప్రకటించింది. దాంతో పాటు మంచివాళ్ళే అని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది.

ఆ సర్టిఫికెట్ గురించి ఒక్కసారి ఆలోచించండి. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, పుట్టుక సర్టిఫికెట్ అందరికీ ఉంటాయి. 'ఇతను ఉగ్రవాది కాడు' అని సర్కారు ముద్ర వేసిన కాగితం జేబులో పెట్టుకుని తిరగాల్సిన పౌరులు ఈ దేశంలో ఇంకెవరున్నారు? అది చూపించినా ఇల్లు అద్దెకిస్తారా? పిల్లనిస్తారా? పనిలో పెట్టుకుంటారా?

2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది. మాకు కోపమొచ్చింది, బాధపడ్డాం. కానీ అప్పుడు మేం చూడాల్సినదొకటి చూడలేదు. ప్రభుత్వం డబ్బిచ్చింది నిర్దోషులని తేలినందుకు. కొట్టినందుకు కాదు. కరెంటు షాకు పెట్టినందుకు కాదు. ఆ లెక్కన కేసు రుజువై ఉంటే ఆ షాకులు సబబే అన్నమాట. మేం కూడా ఆ లెక్కనే ఒప్పుకున్నాం. 'నిర్దోషుల్ని కొట్టారు' అని అరిచాం తప్ప, 'కొట్టారు' అన్న దగ్గర ఆగలేకపోయాం.

ఈ జబ్బు పాతది. 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం స్త్రీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. రిక్షా తొక్కే ఆమె భర్తను కొట్టి చంపారు. నగరం భగ్గుమంది. జనం రోడ్లెక్కారు, కర్ఫ్యూ పెట్టారు. ముస్లింలూ విద్యార్థులూ మహిళా సంఘాలూ పౌరహక్కుల వాళ్ళూ ఒక్కటిగా నిలబడ్డ రోజులవి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ తప్పు పోలీసులదేనంది. ఐతే అవతలి పక్షం చేసిన పనేమిటి? ఆమె శీలాన్ని బోనులో నిలబెట్టింది. ఆమె మంచిది కాదంది, ఆమె పెళ్ళే పెళ్ళి కాదంది. కేసు కర్ణాటకకు మారింది. 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు. అప్పుడు కూడా మాలో చాలామంది ఆమె మంచిదేనని నిరూపించడానికి తంటాలు పడ్డారు. ఆమె ఎలాంటి మనిషైనా సరే, స్టేషన్లో ఆమె ఒంటి మీద చెయ్యి వేసే హక్కు ఎవడికీ లేదన్న మాట గట్టిగా అన్నవాళ్ళు తక్కువ. ఆ మాట అన్నవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే.

ఉగ్రవాదం కేసుల్ని కాసేపు పక్కన పెడదాం. పేదవాణ్ణి స్టేషన్లో రోజూ కొట్టేది బాంబుల కోసం కాదు, బంగారం కోసం. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో సాక్ష్యంగా చెల్లదని ఇంగ్లీషువాడి కాలం నుంచీ చట్టం ఉంది. కానీ నిందితుడు చూపించిన చోట సొమ్ము దొరికితే అది మాత్రం చెల్లుతుంది. దీన్నే స్టేషన్ భాషలో 'రికవరీ' అంటారు. పోయిన నగ బయటపడాలి, పైవాళ్ళు అడుగుతున్నారు, నగ యజమాని పలుకుబడి ఉన్నవాడు. అంచేత ఎవణ్ణో ఒకణ్ణి తేవాలి, కొట్టాలి. ఎవణ్ణి? అడిగేవాడు లేనివాణ్ణి.

2020 నవంబరులో నంద్యాలలో ఒక ముస్లిం ఆటోడ్రైవరు భార్యనూ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని రైలు కింద పడ్డాడు. నగల దుకాణం దొంగతనం కేసులో పోలీసులు పెట్టిన హింస భరించలేకపోతున్నామని చావుకు ముందు వీడియో తీసి పెట్టాడు. 2021 జూన్‌లో యాదాద్రి జిల్లా అడ్డగూడూరు స్టేషన్లో దొంగతనం అనుమానంతో తెచ్చిన ఒక దళిత స్త్రీ ప్రాణం పోయింది. 2023 ఫిబ్రవరిలో మెదక్ పోలీసులు గొలుసు దొంగతనం అనుమానంతో పట్టుకున్న ముస్లిం కూలీ, వదిలిపెట్టాక ఆస్పత్రిలో చనిపోయాడు. సీసీ కెమెరాలో కనబడ్డ మనిషి పోలికలు ఇతనిలో ఉన్నాయట.

మెదక్ సంగతి తెలిసినప్పుడు మేమందరం ఏమన్నాం? 'పాపం, కెమెరాలో ఉంది అతను కాదు' అన్నాం. పొరపాటున చంపారన్నాం. మరి కెమెరాలో ఉన్నది అతనే ఐతే? ఓ గొలుసు ఖరీదు ఓ మనిషి ప్రాణమా? కెమెరాలో కనిపించిన అసలు మనిషి దొరికి ఉంటే, అతనికీ అదే జరిగి ఉంటే, మేం జనాజాకు వెళ్ళేవాళ్ళమా?

వెళ్ళేవాళ్ళం కాదు. ఒప్పుకోవాలి. బస్తీలో రౌడీషీటున్న కుర్రాణ్ణి తీసుకుపోతే మేం తలుపులు వేసుకుంటాం. గంజాయి కేసులో కుర్రాడు దొరికితే మసీదు కమిటీ పెద్దలు వాడి ఊసెత్తరు. 'కౌమ్ పేరు చెడగొట్టాడు' అంటారు. పాతబస్తీలో చబుత్రాల మీద రాత్రిపూట కూర్చున్న పిల్లల్ని 'ఆపరేషన్ చబుత్రా' అని పేరు పెట్టి వ్యానెక్కించి, స్టేషన్లో అమ్మానాన్నల ముందు నిలబెట్టి కౌన్సెలింగ్ ఇచ్చినప్పుడు మా పెద్దల్లో కొందరు మెచ్చుకున్నారు కూడా. ఒక్క గదిలో ఏడుగురు పడుకునే ఇంటి పిల్లాడికి చబుత్రా తప్ప ఇంకెక్కడ చోటుందని అడగలేదు. చదువుకున్న ఇంజనీరు కుర్రాణ్ణి పట్టుకుపోతే మాకు సభలుంటాయి. పంక్చర్లు వేసే వాడి కోసం, దూదేకుల కుర్రాడి కోసం, ఖసాయి కుర్రాడి కోసం సభలుండవు. మమ్మల్ని మెజారిటీ ఎలా చూస్తుందో, మాలోని పేదల్ని మేమూ అలాగే చూస్తున్నాం.

2015 ఏప్రిల్ 7 మాకు పెట్టిన పరీక్ష ఇంకా గట్టిది. వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకొస్తున్న అయిదుగురు ముస్లిం విచారణ ఖైదీల్ని ఆలేరు దగ్గర వ్యానులోనే కాల్చి చంపారు. తుపాకులు గుంజుకోబోయారన్నారు. చేతులకు బేడీలుండగానే సీట్లలో ఒరిగిపోయిన శవాల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. వాళ్ళ మీద పోలీసుల్ని చంపిన ఆరోపణలున్నాయి. తీర్పు రాలేదు. వాళ్ళు నేరం చేశారో లేదో మాకు తెలియదు, ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ రోజు కూడా మాలో కొందరు 'బేకసూర్' అన్నారు, మరి కొందరు నోరు మూసుకున్నారు. అనాల్సింది వేరే ఉంది. కసూర్ ఉందో లేదో తేల్చాల్సింది కోర్టు. బేడీలు వేసినవాణ్ణి కాల్చడం హత్య. అంతే.

అదే ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరికారని 20 మంది తమిళ కూలీల్ని కాల్చి చంపారు. ఒకే రోజు, రెండు తెలుగు రాష్ట్రాలు, 25 శవాలు. ఆలేరు గురించి మేం పెట్టిన సభల్లో శేషాచలం పేరు ఎన్నిసార్లు పలికాం? ఆ 20 మంది మావాళ్ళు కారా?

2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర ఇంకో నలుగుర్ని కాల్చారు. ఒక యువ వైద్యురాలి మీద అత్యాచారం చేసి, చంపి, తగలబెట్టిన కేసులో నిందితులు. ఆ నేరం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు తినిపించారు. ఆ జనంలో మావాళ్ళూ ఉన్నారు. నలుగురిలో ఒకడు ముస్లిం కనక, తొందరగా చప్పట్లు కొడితే మంచివాళ్ళమనిపించుకుంటామని కొట్టిన వాళ్ళూ ఉన్నారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో చెప్పింది, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని. మిఠాయి తిన్న నోళ్ళతో మేమిప్పుడు ఆలేరు గురించి ఏం మాట్లాడగలం?

అన్నిటికంటే కష్టమైన మాట ఇంకొకటుంది. మక్కా మసీదు కేసులో తర్వాత హిందూత్వవాదుల్ని పట్టుకున్నారు. వాళ్ళలో స్వామి అసీమానంద 2010 డిసెంబరులో మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలమిచ్చారు. తర్వాత, ఒత్తిడి పెట్టి చెప్పించారంటూ వెనక్కి తీసుకున్నారు. 2018 ఏప్రిల్ 16న కోర్టు ఆయనతో సహా అయిదుగుర్ని నిర్దోషులని వదిలేసింది. మా గుండెలు మండాయి. ఆ వాంగ్మూలాన్నే పట్టుకుని వేలాడాలనిపించింది. కానీ మా పిల్లల చేత బలవంతంగా చెప్పించిన మాటలు చెల్లవని పదేళ్ళు వాదించింది మేమే కదా! నిర్బంధంలో చెప్పించిన మాట చెల్లదంటే ఎవరిదీ చెల్లదు. మా శత్రువుదీ చెల్లదు. ఈ మాట రాస్తుంటే చెయ్యి ముందుకు సాగడం లేదు. ఐనా రాయాలి. ఇక్కడ తప్పించుకుంటే ఇంతవరకూ మేం అడిగింది న్యాయం కాదు, మావాళ్ళకో మినహాయింపు మాత్రమే అవుతుంది.

కొట్టి కేసు తేల్చే పద్ధతి మాకు ఏం మిగిల్చిందో చూడండి. మొదట ముస్లిం కుర్రాళ్ళు దోషులన్నారు, కాదని తేలింది. తర్వాత వేరేవాళ్ళన్నారు, రుజువు కాలేదు. మసీదులో పోయిన 9 మందిని చంపిందెవరు? జవాబు లేదు. లాఠీ చేతికి దొరికినవాడు నేరస్తుడైపోతే అసలు నేరస్తుడు హాయిగా ఇంట్లో పడుకుంటాడు. అంచేత ఖైదీని కొట్టొద్దనడం చచ్చినవాళ్ళకు ద్రోహం కాదు. గోకుల్ చాట్‌లో పోయినవాళ్ళకూ, మసీదులో పోయినవాళ్ళకూ మేం బాకీ పడ్డ న్యాయం అక్కడే మొదలవుతుంది.

మరి మావాళ్ళు అడుగుతారు. 'అందరూ మమ్మల్ని పుట్టుకతోనే నేరస్తులంటుంటే, మేం నిర్దోషులమని చెప్పుకోవడం తప్పా?' తప్పు కాదు. కొడుకు కోసం ఆ తల్లి అనే మాటను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఒక కౌమ్ మొత్తం ఆ ఒక్క జవాబు దగ్గరే ఆగిపోతే, వాళ్ళు అడిగే ప్రశ్నకు మేం శాశ్వతంగా జవాబుదార్లమైపోతాం. 'నువ్వు ఎవరు?' అంటే 'నేను ఉగ్రవాదిని కాను' అని చెప్పడం అస్తిత్వం కాదు. అది అవతలివాడు రాసిచ్చిన వాంగ్మూలం. మేం అందులో సంతకం పెడుతున్నాం.

లౌకికవాద మిత్రులకూ ఒక మాట. కన్నబిరాన్, బాలగోపాల్ వంటి వాళ్ళు నక్సలైటు అని ముద్రపడ్డ వాడి ప్రాణానికీ విలువుందని ఈ నేల మీద దశాబ్దాల పాటు వాదించారు. 'వాడు ఏం చేశాడు?' అని కాక 'వాణ్ణి ఏం చేశారు?' అని అడగడం మేం నేర్చుకుంది వాళ్ళ దగ్గరే. ఆ దారిలో నడిచి 2001 ఫిబ్రవరిలో నల్గొండలో హత్యకు గురైన పౌరహక్కుల కార్యకర్త ఆజం అలీ మావాడే. మావాళ్ళ కోసమే పోరాడి చనిపోలేదాయన, ఎన్‌కౌంటర్లలో పోయిన అందరి కోసమూ మాట్లాడాడు. ఐతే మీలో ఇంకొందరున్నారు. మా కోసం సంతకం పెట్టేముందు 'ముందు మీరు ఉగ్రవాదాన్ని ఖండించండి' అంటారు. ఆలేరు గురించి మాట్లాడేముందు గొంతు సవరించుకుంటారు. మీ దగ్గరా ఒక బేకసూర్ సర్టిఫికెట్ ఉందన్నమాట, మేం తెచ్చుకుంటే తప్ప మీరు మా పక్కన నిలబడరు.

2022 ఆఖరుకి దేశంలోని జైళ్ళలో 5 లక్షల 73 వేల మంది ఉంటే ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. 2015 లెక్కల్లో విచారణ ఖైదీల్లో 55 శాతానికి పైగా ముస్లింలూ దళితులూ ఆదివాసీలూ. వీళ్ళలో ఎక్కువమందికి సభలు లేవు, కరపత్రాలు లేవు. జామీను వచ్చినా పూచీకత్తు ఇచ్చే దిక్కు లేక లోపలే ఉండిపోతున్న వాళ్ళెందరో. చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ దగ్గర ములాఖత్ వరసలో నిలబడి చూడండి. బురఖాలో ఉన్న తల్లి పక్కన లంబాడా తల్లి, ఆ పక్కన మాదిగ తల్లి. టిఫిన్ డబ్బాలు ఒకలాంటివే. వాళ్ళు ఒకరినొకరు 'మీ వాడు చేశాడా?' అని అడగరు. 'ఎన్నాళ్ళయింది?' అని అడుగుతారు. మేం సంఘం పెట్టుకోవాల్సింది ఆ వరసలో.

ఆ సంఘం చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు. 1996లో సుప్రీంకోర్టు డి.కె. బసు తీర్పులో చెప్పినవి ప్రతి బస్తీలో అందరికీ నోటికి రావాలి. అరెస్టు కాగితం రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంట్లోవాళ్ళకు కబురు చెయ్యాలి, డాక్టరు చూడాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగమే చెప్పింది. ఆ మొదటి రాత్రి స్టేషన్ ముందు పదిమంది నిలబడితే లోపల లాఠీ లేవడానికి వెనకాడుతుంది. జైల్లో ఉన్నవాడికి ఉచితంగా వకీలును పెట్టాలని 1987 నుంచి చట్టముంది. ఎవరి కేసూ వాదించొద్దని లాయర్ల సంఘాలు చేసే తీర్మానాలు చెల్లవని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి స్టేషన్లో సీసీ కెమెరాలుండాలని 2020లో చెప్పింది. మా గల్లీల్లో మమ్మల్ని చూసే కెమెరాలు బాగానే పనిచేస్తాయి. లాకప్పులో వాళ్ళను చూసే కెమెరా పనిచేస్తోందా అని వెళ్ళి అడగాలి. పూచీకత్తుకు మసీదు, చర్చి, కుల సంఘం, కార్మిక సంఘం కలిసి మనుషుల్ని నిలబెట్టాలి. ఈ పనులన్నిటికీ ఒక్కటే షరతు. లోపలున్న వాడి పేరేమిటి, మతమేమిటి, చేశాడా లేదా అని గుమ్మం దగ్గర అడగకూడదు.

ఇన్సాఫ్ గురించి శుక్రవారం ఖుత్బాల్లో చిన్నప్పట్నుంచీ వింటున్నాం. ఆ ఇన్సాఫ్ మంచివాళ్ళకే అని ఎక్కడా వినలేదు. మంచివాళ్ళకు ఇన్సాఫ్‌తో పనేముంది, వాళ్ళను అందరూ గౌరవిస్తారు. చేసినవాడికీ, చేశాడని అందరూ నమ్మేవాడికీ దాని అవసరం.

తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. ఈ వ్యాసం మొదట్నుంచీ మేము మేము అంటూనే రాశాం. మమ్మల్ని మేముగా గుర్తించండని అడగడానికే ఇన్నేళ్ళూ సరిపోయింది, ఆ పని ఇంకా మిగిలే ఉంది. కానీ ఈసారి జీపొచ్చి పక్క గల్లీలో వడ్డెర కుర్రాణ్ణో, మా గల్లీలోనే రౌడీషీటున్న కుర్రాణ్ణో ఎక్కించుకుపోతే, మేం చెప్పులేసుకుని స్టేషనుకు బయల్దేరతామా? బయల్దేరితే, ఆ దారిలో ఎక్కడో మనం అనే మాట మాకూ మీకూ దొరుకుతుంది.